డిజబిలిటీ పెన్షన్ అప్పీళ్ళకు మాజీ సైనికుల ఉచిత సహాయ కేంద్రం: రెండున్నరేళ్ళ అనుభవంతో ఒక సమీక్ష

మా వారు సైన్యంలో 24 ఏళ్ళు పనిచేసి 2017 జూలై 31న హవల్దారుగా రిటైరయ్యారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయనతో పాటు బీపీ కూడా వచ్చింది. రిటైరయ్యేటప్పుడు పరీక్షించే సైనిక డాక్టర్ల బృందం, అంటే రిలీజ్ మెడికల్ బోర్డు, ఆ బీపీని జీవితాంతం ఉండే 30 శాతం వైకల్యంగా లెక్కగట్టింది గాని, అది సైనిక సేవవల్ల వచ్చినదీ కాదు, సేవవల్ల ముదిరినదీ కాదు అని రాసింది. ఆ ఒక్క వాక్యంతో డిజబిలిటీ పెన్షన్ చేజారిపోయింది. దాని మీద మేము పెట్టుకున్న మొదటి అప్పీలు వృథా అయింది. మూడేళ్ళు ఆశ వదులుకుని ఉన్నాక, మా జిల్లా కేంద్రంలో రిటైరైన సైనిక క్లర్కులు నలుగురు కలిసి నడుపుతున్న ఉచిత సహాయ కేంద్రానికి వెళ్ళాము. 2022 మే నుంచి 2024 నవంబరు వరకు ఆ గది మెట్లు పదిహేను సార్లకు తక్కువ కాకుండా ఎక్కాను. ఇప్పటికే చేతిలో ఉన్న కేసులు తెమలడం లేదని, పేరూ చిరునామా రాయవద్దని వారే కోరారు కాబట్టి అవి రాయడం లేదు. వారు పని చేసే పద్ధతిని మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇటువంటి కేంద్రం దగ్గరకో, లాయరు దగ్గరకో, డబ్బు తీసుకునే కన్సల్టెంటు దగ్గరకో వెళ్ళవలసిన కుటుంబాలకు, ఎదుటివారు పని తెలిసినవారో కాదో గుర్తుపట్టడానికి ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముందుగా అసలు విషయం కొంత చెప్పాలి, లేకపోతే ఆ కేంద్రం చేసిన పని విలువ అర్థం కాదు. డిజబిలిటీ పెన్షన్ రావాలంటే రెండు షరతులు ఉంటాయి. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. అది సైనిక సేవవల్ల కలిగినదై ఉండాలి, లేదా సేవవల్ల ముదిరినదై ఉండాలి. శాతం గురించి పెద్దగా పేచీ రాదు. పేచీ అంతా రెండో షరతు దగ్గరే వస్తుంది. బోర్డు కాగితంలో ఆ ప్రశ్నకు ఎదురుగా 'నానా' అని పడితే, అంటే కలిగినదీ కాదు ముదిరినదీ కాదు అని పడితే, శాతం ఎంత ఉన్నా డిజబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం, రాదు. మాజీ సైనికులు నలుగురు కలిసిన చోట 'నీకేం పడింది?' అని అడిగితే 'నానా పడింది' అని చెప్పుకోవడం నేను చాలాసార్లు విన్నాను. పెళ్ళైన కొత్తలో నాకు ఇదేమీ తెలియదు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఈ వ్యవహారం లెక్కల కన్నా ఎక్కువ జాగ్రత్తతో చదవవలసినదని తెలుసుకోవడానికి నాకు అయిదేళ్ళు పట్టింది.

మొదటి అప్పీలు ఎందుకు వృథా అయిందో కూడా చెప్పాలి. తిరస్కరణ ఉత్తరం వచ్చాక ఆరు నెలల లోపల మొదటి అప్పీలు పెట్టుకోవాలని అందులోనే రాసి ఉంది. పక్క ఊళ్ళో పెన్షన్ పనులు చేసిపెడతానని బోర్డు పెట్టుకున్న ఒక వ్యక్తికి 6,000 రూపాయలు ఇచ్చాము. ఆయన మా వారి దగ్గర డిశ్చార్జ్ బుక్కు జిరాక్సు, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డరు) జిరాక్సు తీసుకున్నాడు గాని మెడికల్ బోర్డు కాగితాలు అడగనే లేదు. నాలుగు పేజీల అప్పీలు తయారు చేసి సంతకం పెట్టించుకుని పంపించాడు. ఆ అప్పీలు నకలు నేను నాలుగేళ్ళ తరువాత మొదటిసారి నిదానంగా చదివాను. మూడో పేజీలో మా వారికి లేని షుగర్ వ్యాధి గురించి ఒక పేరా మొత్తం ఉంది. ఎవరి కేసు నుంచో ఎత్తి మా కేసులో అతికించాడన్నమాట. అటువంటి అప్పీలుకు 2019లో వచ్చిన జవాబు మునుపటి తిరస్కరణనే మళ్ళీ చెప్పింది. దేశం కోసం ఎత్తయిన కొండల మీద కాపలా కాసిన మనిషి తన తరఫున వెళ్ళే ఒక్క కాగితంలో తన రోగం పేరైనా సరిగ్గా లేని స్థితిలో నిలబడవలసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సహాయ కేంద్రం ఒక పాత మేడ మీద అద్దె గది. రెండు బల్లలు, ఒక ఇనుప బీరువా, గోడకు భారతదేశ పటం, ఆ పటం మీద ఎర్ర పెన్సిలుతో, నీలం పెన్సిలుతో గుర్తులు. ఎరుపు గుర్తులు ఫీల్డ్ ప్రాంతాలు, అంటే సరిహద్దులు, ఎత్తయిన కొండలు వంటి కష్టమైన డ్యూటీ చోట్లు, నీలం గుర్తులు పీస్ స్టేషన్లు, అంటే మామూలు కంటోన్మెంట్లు అని తరువాత తెలిసింది. మా కేసు చూసినది క్లర్కుగా చేరి సుబేదారుగా రిటైరైన ఒక పెద్దాయన. మా వారు ఆయనను 'సాబ్' అనేవారు, ఆయన మా వారిని 'తమ్ముడూ' అనీ నన్ను 'అమ్మా' అనీ పిలిచేవారు. మొదటి రోజున మేము వరుసగా కష్టాలు చెప్పబోతే ఆయన చేయి అడ్డంపెట్టి, 'అమ్మా, బోర్డు కాగితం చూడకుండా నేను ఒక్క ముక్క కూడా రాయను. ఆ కాగితం మీ దగ్గర ఉందా?' అని అడిగారు. లేదన్నాము. అక్కడే కూర్చోబెట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయించారు. రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే ఫారం, అన్ని పేజీలతో. అంతకు ముందు మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్య స్థాయి, మారినప్పుడల్లా జరిగిన బోర్డుల కాగితాలు. చేరినప్పుడు జరిగిన వైద్య పరీక్ష కాగితం. మొత్తం పోస్టింగుల వివరం. నాలుగూ విడివిడిగా, స్పష్టంగా అడగాలని, 'నా మెడికల్ కాగితాలు ఇప్పించండి' అని గంపగుత్తగా అడిగితే ఏదో ఒక పేజీ పంపి చేతులు దులుపుకుంటారని చెప్పారు. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాము. నెలన్నరకు కాగితాలు వచ్చాయి.

ఆ కాగితాలు తీసుకుని వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తుంది. సుబేదారు గారు ఒక తెల్లకాగితాన్ని మూడు నిలువు గళ్ళుగా మడిచారు. మొదటి గడిలో ఏ సంవత్సరం ఏ స్టేషను, రెండో గడిలో అది పీసా ఫీల్డా, మూడో గడిలో ఆ కాలంలో ఆరోగ్యం గురించి ఉన్న ప్రతి నమోదు. మా వారిని అడుగుతూ, కాగితం చూస్తూ, 1993 నుంచి 2017 దాకా పెన్సిలుతో నింపారు. తరువాత ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16లో పోస్టింగుల పట్టిక ఉన్న పేజీ తీసి, స్కేలు ఒక్కొక్క వరుస కింద పెట్టుకుంటూ, మా వారు చెప్పినదానితో పోల్చుకుంటూ వచ్చారు. ఏడో వరుస దగ్గర స్కేలు ఆగింది. మా వారికి బీపీ ఉన్నట్టు మొదటిసారి తేలిన స్టేషను అది. జమ్మూ కాశ్మీరులో, పదివేల అడుగులకు పైన, ఇరవై నెలలుగా ఉన్న చోటు. ఆ వరుసలో ఫీల్డ్ అని తెలిపే 'ఎఫ్' ఉండవలసిన చోట పీస్ అని తెలిపే 'పి' టైపు చేసి ఉంది. అదే ఫారంలో మరో పేజీలో బోర్డు చెప్పిన కారణం ఒకే ఒక్క వాక్యం: వ్యాధి పీస్ స్టేషనులో మొదలైంది కాబట్టి సేవతో సంబంధం లేదు.

ఒక్క అక్షరం. టైపు చేసిన వారెవరో, ఏ హడావిడిలో చేశారో ఇప్పుడు తెలుసుకునే వీలు లేదు, తప్పు ఎవరిదని వెతకడం నా ఉద్దేశమూ కాదు. అయిదేళ్ళలో ఆ కాగితం ఎన్నో చేతులు మారింది, ఎవరూ ఏడో వరుసను చదవలేదు. మేమూ చదవలేదు, ఎందుకంటే మా దగ్గర అది లేదు. డబ్బు తీసుకున్న వ్యక్తీ చదవలేదు, ఎందుకంటే ఆయన అడగలేదు. ఈ కేంద్రం గొప్పతనం గురించి నన్ను ఒక్క మాటలో చెప్పమంటే, వారు చదువుతారు అని చెబుతాను. రాయడానికి ముందు చదువుతారు.

తప్పు కనిపెట్టడం ఒక ఎత్తు, అది తప్పని రుజువు చేయడం మరొక ఎత్తు. ఆ స్టేషను ఫీల్డ్ ప్రాంతమని మా వారు నోటితో చెబితే చాలదు కదా. 'తమ్ముడూ, ఆ రోజుల జీతం చీటీలు ఉన్నాయా?' అని అడిగారు సుబేదారు గారు. ఇంటి అటక మీద మా వారి నల్ల ట్రంకు పెట్టె ఉంది, మూత మీద తెల్ల రంగుతో నంబరూ ర్యాంకూ పేరూ రాసి ఉన్నది. దాన్ని దింపి రెండు రోజులు వెతికాము. పాత సెలవు పాసులు, పిల్లలు చిన్నప్పుడు రాసిన ఉత్తరాలు, రెజిమెంటు క్యాంటీన్ కార్డు, వాటి అడుగున రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయిన చీటీల కట్ట. ఆ ఇరవై నెలలలో పదకొండు నెలల చీటీలు దొరికాయి. ప్రతి చీటీలోనూ హై ఆల్టిట్యూడ్ అలవెన్సు పద్దు ఉంది. పీస్ స్టేషనులో ఉన్న మనిషికి ఆ అలవెన్సు ఇవ్వరు. ప్రభుత్వమే జీతం లెక్కలో ఒక మాట, మెడికల్ కాగితంలో మరొక మాట రాసిందని చూపడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు. మా వారు ఆ చీటీలను దోసిలిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

అప్పీలులో న్యాయపరమైన వాదన ఏ తీర్పు మీద నిలబడుతుందో కూడా ఆ కేంద్రంలోనే మాకు ఓపికగా చెప్పారు. 2013 జూలై 2న ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇటువంటి కేసులన్నిటికీ ఆధారం. 1985లో సైన్యంలో చేరి, మూర్ఛవ్యాధి కారణంగా బయటికి పంపబడిన ఒక సైనికుడి కేసు అది. చేరేటప్పుడు జరిగిన వైద్య పరీక్షలో ఒక వ్యాధి నమోదు కాకపోతే, మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తరువాత వచ్చిన వ్యాధికి సేవతో సంబంధం లేదని అనదలుచుకుంటే, దాన్ని రుజువు చేసే భారం ప్రభుత్వం మీదే ఉంటుంది గాని సైనికుడి మీద ఉండదు. మెడికల్ బోర్డు ఊరికే 'సంబంధం లేదు' అంటే చాలదు, కారణాలు రాయాలి. సందేహం మిగిలితే దాని ప్రయోజనం సైనికుడికే చెందాలి. ఈ నాలుగు మాటలు నేను పాఠంలా నేర్చుకున్నాను. వీటికి తోడు సైన్యం డాక్టర్లకు మార్గదర్శకంగా ఉన్న పుస్తకంలోనే, ఫీల్డ్‌లోనూ ఎత్తయిన ప్రాంతాలలోనూ పనిచేసినప్పుడు వచ్చిన బీపీని సేవవల్ల ముదిరినదిగా పరిగణించాలని ఉంది. గుండెజబ్బు కేసులలో అయితే జబ్బు బయటపడడానికి ముందు 14 రోజులు ఆ మనిషి ఏయే డ్యూటీలు చేశాడో పట్టిక అడుగుతారు. ఆ పట్టిక సరిగ్గా లేని కారణంగా ఓడిపోయిన కేసులు తాను చూశానని సుబేదారు గారు అన్నారు.

2022 ఆగస్టులో రెండో అప్పీలు పంపాము. దానికి ఉన్న ఆరు నెలల గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని విడిగా కారణాలు రాశాము. ఆరు నెలలు ఎదురుచూసినా జవాబు రాలేదు. ఇక్కడ చాలామందికి తెలియని ఒక సౌకర్యం ఉంది. అప్పీలు పెట్టి ఆరు నెలలు గడిచినా నిర్ణయం రాకపోతే, జవాబు కోసం ఇంకా కూర్చోనవసరం లేదు. సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు నేరుగా వెళ్ళవచ్చునని 2007 నాటి ట్రిబ్యునల్ చట్టమే చెబుతుంది. 2009లో పని మొదలుపెట్టిన ఈ ట్రిబ్యునల్‌కు ఢిల్లీలో ప్రధాన శాఖ, వేరే నగరాలలో ప్రాంతీయ శాఖలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలు చెన్నై శాఖ పరిధిలోకి వస్తాయి. కేంద్రం వారు తమకు పరిచయమున్న లాయరును చూపించారు. ఆయన ఫీజు ఎంతో, ఏయే ఖర్చులు మేము పెట్టుకోవాలో ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. చివరి దాకా ఆ కాగితం దాటి ఒక్క రూపాయి అడగలేదు. 2023 ఏప్రిల్‌లో కేసు దాఖలైంది.

ట్రిబ్యునల్ గురించి నాకు చాలా భయం ఉండేది. అక్కడి ధర్మాసనంలో న్యాయరంగం నుంచి వచ్చిన సభ్యుడు ఒకరు, సైన్యంలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన సభ్యుడు ఒకరు కలిసి కూర్చుంటారు. సైన్యం మీద పెట్టిన కేసును సైన్యం మనిషి ఎలా వింటాడో అనుకున్నాను. తీరా చూస్తే ఆ మాజీ అధికారే జీతం చీటీ నకలు చేతిలోకి తీసుకుని, ఆ స్టేషను పేరు చదివి, ప్రభుత్వ న్యాయవాదిని సూటిగా ప్రశ్న అడిగారు. అది ఎటువంటి చోటో ఆయనకు తెలుసు. మేము మాట్లాడవలసిన అవసరమే రాలేదు. 2024 ఫిబ్రవరిలో మాకు అనుకూలంగా ఆర్డరు వచ్చింది: వ్యాధి సేవవల్ల ముదిరినదే, 30 శాతాన్ని 50 శాతంగా లెక్కించి డిజబిలిటీ ఎలిమెంట్ ఇవ్వాలి.

30 శాతం 50 ఎలా అయింది అని అడిగేవారి కోసం ఆ లెక్క చెబుతాను, ఇది నా రంగం కూడా. 50 కంటే తక్కువ వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆ పైన ఉన్నదాన్ని 100గా లెక్కించాలని 2001 జనవరి 31న రక్షణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. దీన్నే బ్రాడ్ బ్యాండింగ్ అంటారు. అది వ్యాధివల్ల మధ్యలో బయటికి పంపిన వారికే గాని సర్వీసు పూర్తిచేసి రిటైరైన వారికి వర్తించదని చాలాకాలం వాదన నడిచింది. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు, రిటైరైన వారికీ అది వర్తిస్తుందని తేల్చింది. ఇక డబ్బు లెక్క. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు, తక్కువ వైకల్యానికి ఆ దామాషాలో తగ్గుతుంది. చివరి జీతం 50,000 అనుకుంటే నూరు శాతానికి 15,000, ముప్పై శాతానికి 4,500, యాభైకి 7,500. సర్వీసు పెన్షన్‌కు ఇది అదనం, దీని మీద డీఆర్, అంటే కరువు భత్యం, కూడా వస్తుంది. నెలకు 3,000 తేడా జీవితాంతం అంటే చిన్న సంగతి కాదు. అయినా 30 మీదే పెన్షన్ తీసుకుంటూ, బ్రాడ్ బ్యాండింగ్ కోసం అడగాలని తెలియనివారిని ఆ గదిలోనే ఇద్దరిని చూశాను.

మాకు పూర్తిగా మిగలని ఆనందం కూడా ఈ లెక్కలోనే ఉంది. పెన్షన్ అనేది నెల నెలా కొత్తగా పుట్టే హక్కు కాబట్టి ఆలస్యంగా వచ్చినా కోర్టు తలుపు మూయదు. కానీ మా కేసులో బకాయిలు మాత్రం కేసు దాఖలు చేసిన తేదీకి వెనక మూడేళ్ళకే ఇచ్చారు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇది. మేము 2023 ఏప్రిల్‌లో వేశాము కాబట్టి 2020 ఏప్రిల్ నుంచే బకాయి వచ్చింది. 2017 ఆగస్టు నుంచి 2020 మార్చి వరకు 32 నెలలు పోయాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం నెలకు 7,500 చొప్పున 2,40,000 రూపాయలు. ఇది మా ఆలస్యానికి మేము కట్టిన ధర. మొదటి అప్పీలు ఓడిపోయాక మూడేళ్ళు ఊరుకోకుండా ఉంటే ఈ నష్టం ఉండేది కాదు. అప్పుడే ఈ మెట్లు ఎక్కి ఉంటే బాగుండేదని ఎన్ని రాత్రులు అనుకున్నానో చెప్పలేను.

ఆర్డరు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు. ప్రభుత్వం దాని మీద పైకి వెళ్ళవచ్చు. ట్రిబ్యునల్ ఆర్డర్ల మీద హైకోర్టులలో రిట్ వేసుకోవచ్చునని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టం చేశాక ఆ దారి రెండు వైపులవారికీ తెరుచుకుంది. మా కేసులో పైకి వెళ్ళలేదు గాని అమలుకు తొమ్మిది నెలలు పట్టింది. ఈ దశలోనే సహాయ కేంద్రం విలువ నాకు ఇంకా బాగా తెలిసింది. ఆర్డరు ధ్రువీకృత నకలును సైనికుల సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసుకు ఎలా పంపాలి, ఎన్ని రోజులకు గుర్తుచేయాలి, గడువు దాటితే ట్రిబ్యునల్‌లోనే అమలు దరఖాస్తు ఎప్పుడు వేయాలి, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీల వారీగా రాసిపెట్టారు. ఆరో నెలలో అమలు దరఖాస్తు సిద్ధం చేయించారు. కొరిజెండం పీపీఓ, అంటే సవరించిన పెన్షన్ ఆర్డరు, 2024 నవంబరులో వచ్చింది, రక్షణ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన స్పర్శ్ ఖాతాలో అది కనిపించిన రోజు సాయంత్రం మా వారు మొదట ఫోను చేసినది సుబేదారు గారికే. ఆయన అభినందనలు చెప్పి, 'శాతమూ తేదీలూ ఒకసారి సరిచూసుకో తమ్ముడూ' అన్నారు. సరిచూశాము, సరిగ్గానే ఉన్నాయి.

ఇక లోపాలు. వీటిని దాచడం ఆ కేంద్రానికీ మేలు చేయదు. వారంలో రెండు రోజులు, మంగళ శుక్రవారాలు, అదీ పది గంటల నుంచి ఒంటిగంట వరకే తెరుస్తారు. టోకెను పద్ధతి లేదు. దూరపు పల్లెల నుంచి మొదటి బస్సుకు వచ్చినవారు కూడా ఒక్కోసారి వంతు రాక వెనక్కి వెళ్ళవలసి వస్తుంది. మేము అలా రెండుసార్లు వెనుదిరిగాము. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళు దెబ్బతిన్న మనుషులు, ఊతకర్రతో నడిచేవారు వచ్చే చోటికి అవి తగవు. మరుగుదొడ్డి లేదు, వితంతువులకు ఇది చాలా ఇబ్బంది. కాగితాలు తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వరు. నమ్మకం మీద నడుస్తున్న చోటు అయినా అసలు కాగితాలు ఇచ్చినప్పుడు చీటీ ఉండాలి. నేను ఈ మాట అన్నాక ఒక రిజిస్టరు పెట్టారు గాని అందరి చేతా సంతకం పెట్టించడం లేదు. అన్నిటికన్నా పెద్ద లోటు భాష. అప్పీళ్ళు ఇంగ్లీషులో రాస్తారు, అందులో వారి తప్పు లేదు. కానీ తన పేరు మీద వెళుతున్న అప్పీలులో ఏముందో సంతకం పెట్టే మనిషికి తెలుగులో ఒక పేజీ సారాంశం ఇవ్వడం కష్టమైన పని కాదు. మా మొదటి అప్పీలులో లేని షుగర్ వచ్చి చేరింది అందుకే కదా.

ఆ గదిలో ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు ఎన్నో కథలు విన్నాను. మిలటరీ మాధవరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇంటికి ఒకరు చొప్పున సైన్యంలో చేరిన ఊళ్ళో కూడా బోర్డు కాగితం అడిగి తెచ్చుకోవాలని తనకు ఎవరూ చెప్పలేదని అన్నారు. ఒకావిడ భర్త కేసు నడుస్తుండగానే పోయారు, ఇక హక్కు పోయినట్టే అనుకుని రెండేళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు. ఆయన బతికి ఉన్నంత కాలానికి రావలసినది భార్యకు లైఫ్ టైమ్ ఎరియర్స్‌గా వస్తుందని ఆమెకు అక్కడే తెలిసింది. ఆమె విషయంలో కేంద్రం వారు ఇంకో మంచి పని చేశారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి కాబట్టి నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపించారు. తాము చేయగలిగిన దానికన్నా మంచి దారి ఉన్నప్పుడు దాన్ని చూపించడం నాకు చాలా నచ్చింది. సైనిక కుటుంబాల కోసమే 2025 జూలై 26న జాతీయ న్యాయ సేవాధికార సంస్థ వీర పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. సైనిక సంక్షేమ కార్యాలయాలలోనే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. అవి నిజంగా ప్రతి జిల్లాలోనూ నిలదొక్కుకుంటే ఈ నలుగురు పెద్దవారి భుజాల మీద బరువు కొంత తగ్గుతుంది.

రిటైరై చాలా ఏళ్ళయినవారికి ఒక ముఖ్యమైన విషయం. డిజబిలిటీ పెన్షన్ అర్హతల 2008 నియమావళి ప్రకారం మామూలుగా రుజువు చేసే బాధ్యత సైనికుడి మీద ఉండదు గాని, రిటైరైన 15 ఏళ్ళ తరువాత క్లెయిము పెడితే, అప్పటికి కాగితాలు నాశనం చేసి ఉంటారు కాబట్టి, రుజువు చేసుకోవలసినది క్లెయిము పెట్టినవారే అవుతారు. అలాగే 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమావళి వచ్చింది. అందులో సర్వీసు పూర్తిచేసి వచ్చేవారికి డిజబిలిటీ ఎలిమెంట్‌ను ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అని పిలుస్తున్నారు, కాబట్టి ఆ తేదీ తరువాత రిటైరైనవారు మా కేసును యథాతథంగా తమకు అన్వయించుకోకూడదు. కేంద్రం వారు మొదటి ప్రశ్నగా రిటైరైన తేదీ అడగడానికి కారణం ఇదే.

నా మార్కులు అయిదుకు నాలుగు. కాగితం చదవడంలో, నిజాయితీలో, చివరి దాకా వెంట ఉండడంలో ఒక్క మార్కు కూడా తగ్గించడానికి నాకు మనసు రాదు. తగ్గించినదంతా వేళలకూ, మెట్లకూ, తెలుగులో సారాంశం లేనందుకూ. ఆ చివరి లోటు తీర్చడానికి వేసవి సెలవుల్లో కూర్చుని ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16లో ఏ పేజీలో ఏముంటుందో, ఎక్కడెక్కడ 'పి', 'ఎఫ్' చూసుకోవాలో రెండు పేజీలలో తెలుగులో రాసి ఇచ్చాను. దాన్ని జిరాక్సు తీసి గోడకు, పటం పక్కన అంటించారు. వెళ్ళేవారు డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ, తిరస్కరణ ఉత్తరాలు అసలువి కాకుండా నకళ్ళు తీసుకువెళ్ళండి. జీతం చీటీలు, సిక్ రిపోర్టు చీటీలు, ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితాలు ఎంత చిరిగినవైనా, అక్షరాలు వెలిసినవైనా ట్రంకు పెట్టెలోంచి తీసి వెంట పెట్టుకోండి. శుక్రవారం కన్నా మంగళవారం రద్దీ తక్కువగా ఉంటుంది.